‘టెస్ట్ చేశాం’ అంటే, ఎవరి మీద చేశారు?

ఈ నెల ఉత్తరాల్లో సబ్బులు, జుట్టు రంగులు, మంటలు, దద్దుర్లే ఎక్కువ. ఒకే సంగతి అడిగినవాటిని కలిపేశాను. ఒంటి మీద పొక్కులు లేచి, కన్ను వాచి ఉన్నవాళ్లు మాత్రం ఈ కాలమ్‌లో జవాబు కోసం ఎదురుచూడకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ప్రశ్న: మేడమ్, నేను ఇంట్లో కొబ్బరినూనె, ఆముదంతో సబ్బులు చేసి అపార్ట్‌మెంట్‌లోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ అమ్ముతుంటాను. కొత్త బ్యాచ్ తీసినప్పుడల్లా ముందు నా చేతి మీద, తర్వాత మా పాప (ఆరేళ్లు) చేతి మీద రుద్ది, ఏమీ కాకపోతేనే అమ్ముతాను. ఈమధ్య ఒకావిడ ‘ల్యాబ్ రిపోర్ట్ ఉందా’ అని అడిగింది. నేను చేసేది సరిపోదా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: ముందు పాప చెయ్యి వదిలెయ్యండి తల్లీ. పిల్లల చర్మం పల్చన, పైగా అమ్మ రుద్దుతుంటే వద్దని చెప్పే వయసు కూడా కాదు.

మీ చేతి మీద చూసుకోవడం తప్పేం కాదు గానీ దానివల్ల తెలిసేది చాలా తక్కువ. రెండు నిమిషాలు రుద్ది కడిగేస్తే ఏమీ కాలేదంటే, రెండు నిమిషాల్లో మీకు ఏమీ కాలేదనే అర్థం. మంట పుట్టడం అనేది అది ఏ పదార్థం అన్నదాని మీద ఎంత ఆధారపడుతుందో, ఎంత గాఢంగా ఉంది, ఎంతసేపు ఉంది, ఒంట్లో ఏ చోట పడింది అన్నవాటి మీదా అంతే ఆధారపడుతుంది. అదే సబ్బు నురగ అరచేతిని ఏమీ చెయ్యదు, కంట్లో పడితే ఏడిపిస్తుంది, ఉంగరం కింద ఇరుక్కుని రోజూ అలాగే ఉండిపోతే వేలు ఎర్రబడి పొట్టు లేస్తుంది.

మీ సబ్బులో భయపడాల్సింది నూనెల గురించి కాదు, కాస్టిక్ సోడా గురించి. తూకం తప్పి సోడా ఎక్కువ పడినా, సరిగ్గా కలవక ఒక మూల పేరుకున్నా, నూనెతో కలవకుండా మిగిలిన ఆ సోడా చర్మాన్ని కాల్చేస్తుంది. కాబట్టి గ్లాసులతో కొలవడం మానేసి డిజిటల్ కాటా మీద తూచండి, సబ్బుల్ని నాలుగు నుంచి ఆరు వారాలు ఆరనివ్వండి, ప్రతి బ్యాచ్‌లో మధ్యవి, అంచువి కలిపి కొన్ని బిళ్లలు తీసి నురగకి పీహెచ్ (ఆమ్లమా క్షారమా, ఎంత ఘాటు అని చెప్పే అంకె) స్ట్రిప్ పెట్టి చూడండి. నూనె, సోడాతో చేసిన అసలు సబ్బుకి 9 నుంచి 10 దాకా ఉండటం మామూలే. 11 దాటితే ఆ బ్యాచ్ అమ్మకండి. (‘పీహెచ్ 5.5 హ్యాండ్‌మేడ్ సోప్’ అని అమ్మేవాళ్లు కనబడుతుంటారు, సోడాతో చేసిన సబ్బు ఆ పీహెచ్ దగ్గర సబ్బుగా మిగలదు, కొవ్వు ఆమ్లాలుగా విడిపోతుంది. అది సబ్బు కాదన్నా అయి ఉండాలి, ఆ అంకె అబద్ధమన్నా అయి ఉండాలి.)

ఇక ల్యాబ్ సంగతి. మన దేశంలో కాస్మెటిక్స్ భద్రతా పరీక్షలకి ఐఎస్ 4011 అనే భారతీయ ప్రమాణం ఉంది. అందులోని ప్యాచ్ టెస్ట్‌లో 24 మంది ఆరోగ్యవంతులైన వలంటీర్ల ఒంటి మీద చిన్న ప్యాచ్‌ల కింద శాంపిల్ పెట్టి 24 గంటలు ఉంచుతారు. పక్కనే ఇంకో రెండు ప్యాచ్‌లు ఉంటాయి, ఒకదాంట్లో ఏమీ చెయ్యని ఉప్పునీరు, ఇంకోదాంట్లో కచ్చితంగా కాస్త ఎర్రబడేలా చేసే సోడియం లారిల్ సల్ఫేట్. మీ శాంపిల్ ఆ రెండిట్లో దేనికి దగ్గరగా ఉందో చర్మ డాక్టర్ చూసి ఎరుపుకి, వాపుకి మార్కులు వేస్తారు. సబ్బులాంటివాటిని నీళ్లలో పలచన చేసి పెడతారు. బిళ్ల ముక్కని ఉన్నదున్నట్టు కట్టు కింద ఒక రోజంతా ఉంచితే ఎంత మంచి సబ్బైనా ఫెయిలే, దయచేసి ఇంట్లో ఆ ప్రయోగం చెయ్యకండి. ఇంకో మాట, మీకు నచ్చకపోవచ్చు: అమ్మకానికి ఒంటి సబ్బు చెయ్యాలంటే 2020 నాటి కాస్మెటిక్స్ రూల్స్ కింద రాష్ట్ర ఔషధ నియంత్రణ శాఖ నుంచి లైసెన్స్ ఉండాలి. వాట్సాప్‌లో అమ్మినా అమ్మకమే.

ప్రశ్న: నేను బి.ఫార్మసీ మూడో సంవత్సరం. పుస్తకంలో కంటి పరీక్ష అంటే కుందేలు మీద డ్రెయిజ్ టెస్ట్ అని ఉంది. మా సార్ మాత్రం ‘అదెప్పుడో బ్యాన్ అయిపోయింది, మర్చిపో’ అన్నారు. పరీక్షలో ఏది రాయాలి? అసలు కుందేలు లేకుండా ఎలా చేస్తారు?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీ పుస్తకం పాతబడింది, మీ సార్ కాస్త తొందరపడ్డారు. పరీక్షలో రెండూ రాయమ్మా, ఏది ఎక్కడ వర్తిస్తుందో కూడా రాస్తే మార్కులు నీవే.

1930ల్లో అమెరికాలో లాష్ లూర్ అనే కనురెప్పల రంగు అమ్మేవాళ్లు. అందులో పారా ఫినైలిన్ డయమైన్ ఉండేది (కింద జుట్టు రంగు ప్రశ్నలో మళ్లీ ఇదే వస్తుంది). అది వేసుకున్న ఆడవాళ్ల కళ్లు పుండ్లు పడ్డాయి, చూపు కూడా పోయింది. అప్పటికి అక్కడి ప్రభుత్వానికి కాస్మెటిక్స్‌ని అడ్డుకునే అధికారమే లేదు. 1938లో చట్టం వచ్చింది. చట్టం వచ్చాక ‘ఏది ప్రమాదం’ అని కొలిచే పద్ధతి ఒకటి కావాలి కదా, 1944లో అక్కడి ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏలో పనిచేసే జాన్ డ్రెయిజ్, ఆయన సహచరులు ఆ మార్కుల పద్ధతి ప్రచురించారు. తెల్ల కుందేలు ఒక కంట్లో 0.1 మిల్లీలీటరు ద్రవం వేస్తారు, రెండో కన్ను పోల్చి చూడటానికి. గంటకి, 24, 48, 72 గంటలకి చూసి, కార్నియా (కనుగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర) మసకబారడానికి 0 నుంచి 4, ఐరిస్‌కి (కంటిపాప చుట్టూ ఉండే రంగు వలయం) 0 నుంచి 2, ఎరుపుకి 0 నుంచి 3, వాపుకి 0 నుంచి 4 మార్కులు. తగ్గుతుందా లేదా అని 21 రోజుల దాకా చూస్తారు. చర్మానికైతే వెంట్రుకలు తీసిన వీపు మీద అర మిల్లీలీటరు పెట్టి 4 గంటలు ఉంచుతారు.

ఎందుకు కుందేలంటే పెద్ద కళ్లు, నెమ్మదైన జంతువు, తెల్లవాటికి ఎరుపు ఇట్టే కనబడుతుంది. మరి మనిషి కంటికి అది సరిపోతుందా? కుందేలుకి మూడో రెప్ప ఉంటుంది, కార్నియా మనకన్నా పల్చన, కళ్లార్పడం చాలా తక్కువ. పైగా ఎరుపుకి 1 వెయ్యాలా 2 వెయ్యాలా అన్నది చూసేవాళ్ల కంటిని బట్టి. 1971లో వెయిల్, స్కాలా అనే ఇద్దరు ఇరవైకి పైగా ల్యాబులకి అవే పదార్థాలు ఇచ్చి చేయిస్తే, ఒక ల్యాబ్ తీవ్రం అన్నదాన్ని ఇంకో ల్యాబ్ ఏమీ లేదన్నంత తేడాలు వచ్చాయి. జంతు ప్రేమికుల గొడవ కన్నా ఇదే ఈ టెస్ట్‌కి అసలు దెబ్బ అని నా అభిప్రాయం. గొడవ కూడా చిన్నదేం కాదు: 1980లో హెన్రీ స్పిరా అనే ఉద్యమకారుడు న్యూయార్క్ టైమ్స్‌లో పూర్తి పేజీ ప్రకటన ఇచ్చి, అందం కోసం ఎన్ని కుందేళ్లని గుడ్డివి చేస్తారని రెవ్లాన్ కంపెనీని నిలదీశాడు. ఆ కంపెనీ ప్రత్యామ్నాయాల పరిశోధనకి డబ్బు ఇవ్వాల్సి వచ్చింది, మరుసటి ఏడు జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో దానికోసం ప్రత్యేకంగా ఒక కేంద్రమే పెట్టారు.

మన దగ్గర 2014 మేలో కాస్మెటిక్స్‌ని జంతువుల మీద పరీక్షించడం నిషేధించారు, అదే ఏడాది అక్టోబరులో అలా పరీక్షించినవాటి దిగుమతి కూడా. మీ సార్ అన్నది దీని గురించే. అయితే ఆ నిషేధం కాస్మెటిక్స్‌కే. పురుగుమందులు, మందులు, ఫ్యాక్టరీ రసాయనాల విషయంలో కుందేలు పరీక్ష పూర్తిగా పోలేదు, ఓఈసీడీ (ఆర్థిక సహకారం కోసం కొన్ని దేశాలు కలిసి పెట్టుకున్న సంస్థ) మార్గదర్శకాల్లో చర్మానికి 404, కంటికి 405 అనే నంబర్లతో ఇంకా ఉంది. కాకపోతే ఇప్పుడది ఆఖరి మెట్టు. ముందు ఉన్న సమాచారమంతా వెతకాలి, పీహెచ్ చూడాలి (2 కన్నా తక్కువ, 11.5 కన్నా ఎక్కువ ఉంటే సాధారణంగా అది కాల్చే పదార్థమనే లెక్క, దానికి ఇంకా కుందేలెందుకు), తర్వాత ల్యాబ్‌లో కణాల మీద చెయ్యాలి, అప్పటికీ తేలకపోతే మొదట ఒక్క జంతువు, కంటి పరీక్షైతే నొప్పి తెలియకుండా మందు ఇచ్చి, సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతితో.

ఇక కుందేలు లేకుండా ఎలా అన్నావు కదా. చర్మానికి 2010లో వచ్చిన ఓఈసీడీ 439 నంబర్ పద్ధతి చూడు. ఆపరేషన్లలో తీసేసిన మనిషి చర్మం నుంచి కణాలు తీసుకుని ల్యాబ్‌లో పెంచుతారు. పైన గాలి, కింద పోషక ద్రవం ఉండేలా పెంచితే అవి పొరలు పొరలుగా ఎదిగి, పైన మన చర్మానికి ఉన్నట్టే గట్టి మృతకణాల పొర కూడా ఏర్పడుతుంది. మొత్తం కలిపి చొక్కా గుండీ అంత ముక్క, చిన్న ప్లాస్టిక్ గిన్నెలో వస్తుంది. దాని మీద రసాయనం వేసి, ఒక రకం కిట్‌లో 15 నిమిషాలు, ఇంకో రకంలో గంట ఉంచి, కడిగేసి, 42 గంటలు ఇంక్యుబేటర్‌లో వదిలేస్తారు. ఆ తర్వాత ఎంటీటీ అనే పసుపు రంగు ద్రావణం. బతికున్న కణాలు దాన్ని ఊదారంగులోకి మారుస్తాయి, చచ్చినవి మార్చలేవు. ఆ ఊదారంగుని ఆల్కహాల్‌లోకి దింపి మెషిన్‌లో కొలుస్తారు. బతికినవి 50 శాతమో అంతకన్నా తక్కువో అయితే అది చర్మాన్ని మండించే పదార్థం. కిట్ సరిగ్గా పనిచేస్తోందని నిర్ధారించుకోవడానికి పక్క ముక్క మీద 5 శాతం సోడియం డోడెసిల్ సల్ఫేట్ వేస్తారు, షాంపూల్లో నురగ తెప్పించే లారిల్ సల్ఫేట్‌కి ఇంకో పేరే అది. షాంపూ డబ్బా మీద ఆ పేరు చూసి భయపడిపోకు, అక్కడ వెంటనే కడిగేస్తాం, ఇక్కడ 15 నిమిషాలో గంటో ఉంచాకే కడుగుతాం.

కంటికైతే కబేళాలో కోసిన పశువుల కళ్లు తెచ్చి కార్నియాని విడదీసి, ఒక హోల్డర్‌లో బిగిస్తారు (437 నంబర్ పద్ధతి, 2009). ద్రవమైతే 10 నిమిషాలు ఉంచి కడుగుతారు. కార్నియా ఎంత మసకబారింది, దాని గుండా ఫ్లోరెసీన్ అనే మెరిసే రంగు ఎంత దిగింది, ఈ రెండూ కొలిచి లెక్క కడతారు. ఆ స్కోరు 55 దాటితే కంటికి తీవ్ర ప్రమాదం, 3 లేదా అంతకన్నా తక్కువైతే భయం లేదు. మధ్యలో వచ్చినవాటితోనే తలనొప్పి. అందుకే ఒక్క టెస్ట్‌తో తేల్చకుండా కోడికన్ను, మనిషి కణాలతో పెంచిన కార్నియా పొర లాంటి వేరే పరీక్షలు కలిపి చూస్తారు. కొన్ని రకాల రసాయనాలకి ఏవేవి ఎలా కలపాలో ఓఈసీడీ 2022లో రాసి పెట్టింది కూడా. వైవాలో అడిగితే ‘ఒక పరీక్ష స్థానంలో ఇంకో పరీక్ష రాలేదు, కొన్ని కలిపి వచ్చాయి’ అని చెప్పు.

ప్రశ్న: మా మామగారు చాలా ఏళ్లుగా ఒకే కంపెనీ జుట్టు రంగు వాడుతున్నారు. పోయిన నెల వేసుకున్న రెండో రోజు నుదురు, చెవులు, కనురెప్పలు వాచిపోయి దురద, నీరు కారడం. డబ్బా మీద ‘డెర్మటలాజికల్లీ టెస్టెడ్’ అని ఉంది. పైగా ఇన్నేళ్లూ ఏమీ కాలేదు. కంపెనీ ఏదైనా మార్చిందంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: కంపెనీ ఏమీ మార్చి ఉండక్కర్లేదండీ, మారింది మామగారి ఒంటి తీరు. పైన చెప్పిన పరీక్షలన్నీ మంట గురించి, అంటే ఫలానా మోతాదు దాటితే దాదాపు ఎవరికైనా అయ్యే దెబ్బ. మీరు రాసింది చూస్తే ఇది అలర్జీలాగే ఉంది, దానికి అందరి లెక్క పనికిరాదు. శరీరం ఒక పదార్థాన్ని శత్రువుగా గుర్తుపెట్టుకుందంటే ఆ తర్వాత చుక్క పడినా చాలు. గుర్తుపెట్టుకోవడానికి ఒక నెల పట్టొచ్చు, ఇరవై ఏళ్లూ పట్టొచ్చు. మంటైతే రంగు పెట్టిన కాసేపటికే తెలిసి, పెట్టినంత మేరే ఉంటుంది. అలర్జీ ఒకటి రెండు రోజులు ఆగి వచ్చి, పెట్టని చోటికి కూడా పాకుతుంది. రెండో రోజు, అదీ రెప్పలు వాచాయన్నారు కాబట్టి నా అనుమానం పారా ఫినైలిన్ డయమైన్ మీదే. నల్లరంగు డైల్లో ఎక్కువగా ఉండేది అదే, కొన్ని ‘బ్లాక్ హెన్నా’ ప్యాకెట్లలో కూడా కలుపుతారు.

చర్మ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ చేయించండి. ఇది సబ్బు ప్రశ్నలో చెప్పినది కాదు, దీంట్లో వీపు మీద రకరకాల పదార్థాలు చిన్న చిన్న గిన్నెల్లో వరసగా అంటించి, 48 గంటలకి తీసి చూసి, ఇంకో రెండు రోజులాగి మళ్లీ చూస్తారు. రెండోసారికి తగ్గితే మంట, పెరిగితే అలర్జీ అని అనుకుంటారు. ఆ నాలుగు రోజులూ వీపు తడపకూడదు, మామగారికి ముందే చెప్పి ఒప్పించండి. అలర్జీ అని తేలితే ఆ రంగు ఇక జీవితంలో వద్దు, బ్రాండ్ మార్చినా లాభం లేదు. మొహం వాపుతో పాటు ఊపిరి ఆడకపోవడం ఉంటే మాత్రం అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా నేరుగా హాస్పిటల్‌కే.

‘డెర్మటలాజికల్లీ టెస్టెడ్’ అంటే చర్మ డాక్టర్ పర్యవేక్షణలో ఏదో ఒక పరీక్ష చేశారని మాత్రమే. ఎంతమంది మీద, ఎన్ని గంటలు, ఫలితం ఏమిటి అన్నది ఆ మాటలో లేదు. దాన్ని వదిలేసి డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉన్నది చదవండి. ఈ రంగుతో కొందరికి ఇబ్బంది రావొచ్చు, ముందు కొంచెం పెట్టి పరీక్షించుకోవాలి, కనురెప్పలకి, కనుబొమలకి వెయ్యకూడదు, వేస్తే చూపు పోవచ్చు అని ఉంటుంది. పారా ఫినైలిన్ డయమైన్ ఉన్న డైల మీద ఆ హెచ్చరిక వెయ్యాలని మన రూల్స్‌లో ఉంది, దాదాపు అవే మాటలు లాష్ లూర్ తర్వాత వచ్చిన 1938 అమెరికా చట్టంలోనూ ఉన్నాయి. మీ ఇంట్లో ఇంకెవరైనా రంగు వేసుకుంటుంటే చెవి వెనకో మోచేతి మడతలోనో కాస్త పెట్టి 48 గంటలు చూడమనండి. మొదటిసారి మాత్రమే కాదు, ప్రతిసారీ.

ప్రశ్న: కెమికల్స్ వద్దని మా బాబుకి కుంకుడుకాయతోనే తలంటుతున్నాను. కళ్లు మండి గోల చేస్తాడు. సహజమైనది కదా, ఏమీ కాదుగా?
– ఒక అమ్మ, ఏలూరు

జవాబు: కుంకుడుకాయలో నురగ తెప్పించేవి సపోనిన్లు, అవీ కెమికల్సే, కంటిని బాగా మండించే కెమికల్స్. బేబీ షాంపూ కన్నా కుంకుడు పులుసే కంటికి ఎక్కువ బాధ, ఇందులో అనుమానమే లేదు. పలచగా కలిపి, వడకట్టి (నలకలు కంట్లో గీసుకుంటాయి), తల వెనక్కి వంచి పొయ్యండి. ఉప్పుకల్లు నోట్లో పెడితే బాబు ఏడుపు ఆపుతాడేమో, కంట్లో పడిన పులుసు పోవాలంటే మాత్రం మంచినీళ్లతో కడగాల్సిందే. ఇదే ఉత్తరంలో నిమ్మరసం ఫేస్‌ప్యాక్ గురించి కూడా అడిగారు: వద్దు, నిమ్మరసం రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి.

ప్రశ్న: నేను జీడిమెట్లలో ఒక కెమికల్ యూనిట్‌లో ఆపరేటర్‌ని. డ్రమ్ముల లేబుళ్ల మీద హెచ్ 318, హెచ్ 319 అని ఉంటాయి. రెండూ కంటికే అంటారు, తేడా ఏంటి? అడిగితే ‘గాగుల్స్ పెట్టుకో చాలు’ అంటారు.
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: తేడా చాలా ఉంది తమ్ముడూ. 319 అంటే కంటిని తీవ్రంగా మండిస్తుంది గానీ పరీక్షలో 21 రోజుల్లోపు మామూలు స్థితికి వచ్చింది అని. 318 అంటే ఆ 21 రోజుల్లో కూడా పూర్తిగా తగ్గలేదు, లేదా తగ్గదని తేల్చారు అని. సూటిగా చెప్పాలంటే మొదటిది సెలవు పెట్టిస్తుంది, రెండోది చూపు తీస్తుంది. బొమ్మ చూసినా తెలుస్తుంది, 319కి ఆశ్చర్యార్థకం గుర్తు, 318కి చేతి మీద, లోహం మీద యాసిడ్ పోస్తున్న బొమ్మ. అలాగే 315 చర్మానికి మంట, 314 చర్మాన్ని కాల్చేస్తుంది, 317 అలర్జీ తెప్పించవచ్చు. 314 ఉన్న డ్రమ్ము మీద 318 విడిగా రాయకపోయినా కంటికి ప్రమాదం ఉన్నట్టే.

యాసిడ్ అంటే అందరికీ భయం, కాస్టిక్ అంటే చులకన. కంటి విషయంలో ఇది తలకిందులు. చాలా యాసిడ్లు తగిలిన చోట మాంసకృత్తుల్ని గడ్డకట్టించి అక్కడే ఆగిపోతాయి (హైడ్రోఫ్లోరిక్ లాంటివి వేరే). కాస్టిక్, సున్నం, అమ్మోనియా లాంటి క్షారాలు కణాల పొరల్లోని కొవ్వుని కరిగించుకుంటూ లోపలికి దిగుతూనే ఉంటాయి. కిళ్లీ సున్నం ప్యాకెట్ నొక్కి ఆడుకుంటూ కళ్లు పోగొట్టుకున్న పిల్లల కేసులు మన దేశంలో కంటి డాక్టర్లు చూస్తూనే ఉన్నారు, ఆ ప్యాకెట్లు ఇంట్లో ఉంటే కూడా జాగ్రత్త.

గాగుల్స్ పెట్టుకోమన్నది సరైన మాటే, పక్కల నుంచి చిందులు రానివ్వని రకం పెట్టుకోండి. అయినా కంట్లో పడితే ఏమిటన్నది మీకు ముందే తెలిసి ఉండాలి. పడిన క్షణం నుంచే కడగాలి, వేళ్లతో రెప్పలు తెరిచి పట్టుకుని, కన్ను అటూ ఇటూ తిప్పుతూ, పారే నీళ్ల కింద కనీసం 15 నిమిషాలు, క్షారమైతే అరగంట, ఆ తర్వాత హాస్పిటల్‌కి వెళ్లే దారిలో కూడా. సున్నం నలకలు రెప్ప కింద ఉండిపోతాయి కాబట్టి డాక్టర్‌తో రెప్ప తిప్పి చూడమని చెప్పండి. క్షారం పడిందని నిమ్మరసం, వెనిగర్ పోసి విరగ్గొట్టే తెలివితేటలు వద్దు. లేబుల్ గానీ సేఫ్టీ డేటా షీట్ గానీ ఫోన్లో ఫొటో తీసుకుని వెళ్లండి, ఏం పడిందో తెలిస్తే డాక్టర్‌కి సగం పని తగ్గుతుంది.

ఐ వాష్ కుళాయి మీరు పనిచేసే చోటు నుంచి 10 సెకన్లలో చేరేంత దగ్గర ఉండాలి, అడ్డంగా డ్రమ్ములు ఉండకూడదు, వారానికోసారి తిప్పి చూడాలి. ఈ వారం మీరే తిప్పి చూడండి, తుప్పు నీళ్లు వస్తే సూపర్‌వైజర్‌కి నోటితో చెప్పి ఊరుకోకుండా రిజిస్టర్‌లో రాయించండి.